లినక్స్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ రిజల్యూషన్: ఏది మార్చాలి, ఎక్కడ మార్చాలి

లినక్స్ కంప్యూటర్‌లో రిజల్యూషన్ గురించి సలహా అడిగేవాళ్లు సాధారణంగా రెండు రకాలు. మానిటర్‌కు తగిన రిజల్యూషన్ జాబితాలో కనిపించడం లేదు, 1024×768 దగ్గరే ఆగిపోయింది అని చెప్పేవాళ్లు ఒక రకం. రిజల్యూషన్ సరిగ్గానే వచ్చింది కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, రిజల్యూషన్‌ను ఎలా తగ్గించాలి అని అడిగేవాళ్లు రెండో రకం. ఇద్దరూ తెరిచేది ఒకే సెట్టింగ్స్ పేజీ కాబట్టి ఇద్దరిదీ ఒకే సమస్య అనిపిస్తుంది. నిజానికి మొదటివాళ్లు పోయిన రిజల్యూషన్‌ను వెనక్కి తెచ్చుకోవాలి. రెండోవాళ్లు రిజల్యూషన్ జోలికే పోకూడదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మానిటర్ ఏ రిజల్యూషన్‌కు తయారైందో దానిలోనే నడపండి. అక్షరాలు పెద్దవి కావాలంటే స్కేలింగ్‌నో (తెర మీద ఉన్నవన్నీ కలిపి ఒకే నిష్పత్తిలో పెంచడం), ఫాంటు పరిమాణాన్నో మార్చండి. సరైన రిజల్యూషన్ దొరకకపోతే మాత్రం, కమాండ్లు కాపీ చేసే ముందు అది ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టండి. లోపం కేబులులో ఉంటే ఒక మందు, డ్రైవరులో ఉంటే ఇంకో మందు. డెస్క్‌టాప్‌లో ఉంటే అసలు మందే అక్కర్లేదు, రెండు క్లిక్కులు చాలు.

తగ్గిస్తే ఏం పోతుంది

ఎల్‌సీడీ తెరలో పిక్సెళ్లు తయారీలోనే అమరిపోయి ఉంటాయి. 24 అంగుళాల మామూలు మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 ఉంటాయి. దాన్ని 1600×900లో పెడితే కంప్యూటర్ పంపే ఒక్కో పిక్సెల్ తెర మీద అడ్డంగానూ నిలువుగానూ 1.2 పిక్సెళ్ల చోటులో సర్దుకోవాలి. పిక్సెల్‌ను ముక్క చేయడం కుదరదు కాబట్టి మానిటర్ ఆ రంగును పక్కవాటికి కూడా కొంత పులుముతుంది. ఆంగ్ల అక్షరాలు ఇలా మసకబారినా చదవడం పెద్ద కష్టం కాదు. తెలుగుకు అది చాలా నష్టం. ప, ష, ఫల మధ్య తేడా చూపేది ఒక చిన్న గీత. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అనే మాటలను 10 పాయింట్ల పరిమాణంలో టైపు చేసి, అసలు రిజల్యూషన్‌లో ఒకసారి, తగ్గించి ఒకసారి చూడండి. తగ్గించినప్పుడు అడుగున ఉన్న రెండు వత్తులూ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. రోజంతా తెలుగు చదివే, టైపు చేసే వారి కళ్లకు ఆ శ్రమ సాయంత్రానికి బాగా తెలుస్తుంది.

పాత గాజు గొట్టం మానిటర్లలో ఈ ఇబ్బంది అంతగా ఉండేది కాదు. వాటికి ఫలానాదే అసలు రిజల్యూషన్ అనేది లేదు. 800×600 అయినా 1024×768 అయినా దాదాపు ఒకే తీరులో చూపేవి. అక్షరాలు చిన్నగా ఉంటే రిజల్యూషన్ తగ్గించే అలవాటు ఆ రోజుల నుంచి వచ్చింది. మానిటర్లు మారి చాలా ఏళ్లయింది, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఒక మినహాయింపు ఉంది. 3840×2160 తెరను, అంటే 4కే తెరను, 1920×1080లో పెడితే ఒక పిక్సెల్‌కు సరిగ్గా నాలుగు పిక్సెళ్లు వస్తాయి. లెక్క ప్రకారం మసక రాకూడదు. అయినా చాలా మానిటర్లు ఈ సందర్భంలో కూడా అంచులను నునుపు చేస్తూ కొంత మసక తెస్తాయి. మీ మానిటర్ ఎలా చేస్తుందో ఒకసారి చూసి నిర్ణయించుకోవచ్చు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయా: స్కేలింగా, ఫాంటా?

ముందు మీ తెర సాంద్రత తెలుసుకోండి, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో. 21.5 అంగుళాల 1920×1080 తెరకు అది 102. అదే రిజల్యూషన్ 24 అంగుళాల్లో అయితే 92, 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అయితే 157. 27 అంగుళాల 2560×1440 తెరకు 109, అంతే సైజు 4కే తెరకు 163. లినక్స్ డెస్క్‌టాప్‌లు 100 శాతం స్కేలింగ్ అంటే అంగుళానికి 96 అనే ప్రమాణం మీద నడుస్తాయి. మీ అంకె దానికి ఎంత దూరంగా ఉందో చూస్తే ఏం చేయాలో చాలావరకు తేలిపోతుంది.

110 లోపు ఉంటే స్కేలింగ్ ముట్టుకోవద్దు. అక్షరాలు చిన్నగా అనిపిస్తే వాటిని మాత్రమే పెంచండి. తెలుగు చదివేవారికి నేను మొదట చెప్పేది ఈ మార్గమే. ఇందులో బొమ్మలు, బటన్లు, విండోల అంచులు ఉన్నచోటే ఉంటాయి, అక్షరాలు పెరుగుతాయి, మసక అన్న మాటే ఉండదు, గ్రాఫిక్స్ కార్డు మీద అదనపు భారం పడదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో యాక్సెసిబిలిటీ పేజీలో పెద్ద అక్షరాల మీట నొక్కితే ఒకేసారి 1.25 రెట్లు అవుతాయి. అంత వద్దు, 1.1 చాలు అనుకుంటే ట్వీక్స్ అనే చిన్న ప్రోగ్రాము పెట్టుకోండి. లినక్స్ మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్‌లో ఫాంట్ల పేజీలోనే ఈ గుణకం ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో రూపానికి సంబంధించిన పేజీలో, ఫాంట్ల ట్యాబు కింద డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకె ఉంటుంది. 96 బదులు 108 గానీ 120 గానీ ఇచ్చి చూడండి. 120 అంటే 125 శాతం అన్నమాట.

180 దాటితే ఆలోచించక్కర్లేదు, 200 శాతం పెట్టేయండి. పూర్తి రెట్టింపు కాబట్టి అన్ని ప్రోగ్రాములూ శుభ్రంగా కనిపిస్తాయి. చిక్కంతా 130కీ 170కీ మధ్య ఉన్న తెరలతోనే. 27 అంగుళాల 4కే తెర, 14 అంగుళాల 1080 తెర ఈ కోవలోవే. 100 శాతం పెడితే కళ్లు చికిలించాలి, 200 పెడితే తెర మీద ఏమీ పట్టదు. ఇక్కడే 125, 150 శాతాల పాక్షిక స్కేలింగ్ కావాలి, దానికి ఖర్చు ఉంటుంది.

ఆ ఖర్చు ఏమిటో చూద్దాం. 4కే తెర మీద 150 శాతం అంటే కంటికి 2560×1440 అంత చోటు కనిపించాలి. పాత పద్ధతిలో డెస్క్‌టాప్ ముందు దానికి రెట్టింపుగా, అంటే 5120×2880లో బొమ్మ గీసుకుంటుంది. తరువాత దాన్ని 3840×2160కి కుదిస్తుంది. తెరకు కావలసినవి 83 లక్షల పిక్సెళ్లు. గీసేవి 1 కోటి 47 లక్షలు. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు ఇది లెక్క కాదు. పదేళ్ల నాటి ప్రాసెసరులోని గ్రాఫిక్స్ అయితే విండోను లాగినప్పుడు తడబడుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా దిగుతుంది. విండోలను తెర మీదికి తెచ్చే కొత్త వ్యవస్థ అయిన వేలాండ్‌లో పాక్షిక స్కేలింగ్‌కు ప్రత్యేక ప్రోటోకాల్ 2022 చివరలో వచ్చింది. దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రాములు నేరుగా 1.5 రెట్లలోనే గీసుకుంటాయి కాబట్టి కుదింపూ లేదు, మసకా లేదు. దాన్ని అర్థం చేసుకోని పాత ప్రోగ్రాములు మాత్రం ఇంకా కొంచెం మసకగా కనిపించవచ్చు.

పాక్షిక స్కేలింగ్ కావాలనుకునేవారికి ఇప్పుడున్న డెస్క్‌టాప్‌లలో నేను ముందు చూపేది కేడీఈ ప్లాస్మా 6. వేలాండ్‌కు ముందున్న ఎక్స్11 వ్యవస్థ కోసం రాసిన పాత ప్రోగ్రాములు తమంతట తాము పెరగాలా, డెస్క్‌టాప్ వాటిని సాగదీయాలా అన్నది అందులో మీరే ఎంచుకోవచ్చు. మసకబారిన పాత ప్రోగ్రాముకు చాలాసార్లు ఆ ఒక్క మార్పుతో స్పష్టత వస్తుంది. ఉబుంటు గ్నోమ్‌లో డిస్‌ప్లేల పేజీలో ఫ్రాక్షనల్ స్కేలింగ్ మీట ఉంటుంది, అదీ బాగానే పనిచేస్తుంది.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఒకటి ఉంది. చిన్న ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో 18.5 అంగుళాల 1366×768 మానిటర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటి సాంద్రత 85 మాత్రమే, కాబట్టి అక్షరాలు పెద్దగానే ఉంటాయి. కొరత వచ్చేది ఎత్తులో. కొన్ని సెట్టింగ్స్ విండోల అడుగు బటన్లు తెర దాటి కిందికి పోతాయి. దానికి రిజల్యూషన్ పెంచే మార్గం వెతక్కండి, ఆ తెరలో అంతకంటే పిక్సెళ్లు లేవు. ఆల్ట్ మీట నొక్కిపట్టి మౌసుతో విండోను ఎక్కడ పట్టుకుని లాగినా పైకి జరుగుతుంది. గ్నోమ్, ప్లాస్మాలలో ఆల్ట్ బదులు సూపర్ మీట (విండోస్ గుర్తు ఉన్నది). ప్యానెల్ మందం తగ్గించి, ఫాంటును ఒక పాయింటు తగ్గిస్తే మిగతాది సర్దుకుంటుంది.

మీది ఎక్స్11 సెషనా, వేలాండా?

ఏ పరికరం పనిచేస్తుందో, ఏది పనిచేయదో దీన్నిబట్టే ఉంటుంది కాబట్టి ఇది తెలియకుండా ముందుకు వెళ్లకండి. గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లోని సిస్టమ్ వివరాల్లో విండోయింగ్ సిస్టమ్ అనే వరుస ఉంటుంది. ప్లాస్మాలో కూడా సిస్టమ్ సమాచారం పేజీలో గ్రాఫిక్స్ వేదిక పేరు రాసి ఉంటుంది.

ఎక్స్11 ప్రోటోకాల్ 1987 నాటిది. వేలాండ్ పని 2008లో మొదలైంది. ఫెడోరా 2016లో 25వ విడుదల నుంచి వేలాండ్‌ను ముందు పెట్టింది. ఉబుంటు 17.10లో ఒకసారి మొదలుపెట్టి, వెనక్కి తగ్గి, 21.04లో మళ్లీ తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 కూడా అదే దారి పట్టింది. 2025లో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్11 సెషనే తీసేశారు. లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే వాడేవాళ్లు మాత్రం ఎక్కువగా ఇంకా ఎక్స్11లోనే ఉన్నారు.

రిజల్యూషన్ మార్చే ఎక్స్‌రాండ్‌ఆర్ అనే కమాండు గురించి మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. వేలాండ్ సెషన్‌లో అది నడుస్తుంది, జాబితా కూడా చూపిస్తుంది. కానీ అది చూపేది పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన ఎక్స్‌వేలాండ్ అనే మధ్యవర్తి తెరను, అసలు మానిటర్‌ను కాదు. మార్చమని చెప్పినా మానిటర్ కదలదు. పాత సూచనలు అనుసరించి ఏమీ జరగక విసిగిపోయేవారిలో చాలామందికి ఎదురైంది ఇదే. వేలాండ్‌లో ఒక్కో డెస్క్‌టాప్‌కు ఒక్కో కమాండు ఉంటుంది: ప్లాస్మాకు కేస్క్రీన్-డాక్టర్, గ్నోమ్ 48 నుంచి జీడీసీటీఎల్, స్వే వంటి డెస్క్‌టాప్‌లకు డబ్ల్యూఎల్ఆర్-రాండ్‌ఆర్.

రెండింటిలో దేన్ని ఎంచుకోవాలి? సాంద్రతలో తేడా ఉన్న రెండు తెరలు మీ బల్ల మీద ఉంటే, ఉదాహరణకు 14 అంగుళాల ల్యాప్‌టాప్‌కు 24 అంగుళాల మానిటర్ తగిలించి ఉంటే, వేలాండ్ తప్ప వేరే ఆలోచన వద్దు. ఎక్స్11లో రెండు తెరలకూ కలిపి ఒకే డీపీఐ ఉంటుంది. ఒకదానిలో అక్షరాలు సరిపోతే రెండోదానిలో పెద్దవో చిన్నవో అవుతాయి. అదే మీ మానిటర్ తన వివరాలు సరిగ్గా చెప్పకుండా, మీరే కొలతలు రాసి ఇవ్వాల్సిన పరిస్థితి ఉంటే ఎక్స్11 సులువు. అక్కడ ఆ పనికి ముప్పై ఏళ్లుగా అలవాటైన పద్ధతులు ఉన్నాయి. ఒకే మానిటర్, అన్నీ సరిగ్గా ఉన్నవారికి ఏదైనా ఒకటే. మీ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, మింట్ వంటిది) ఇచ్చినదే ఉంచుకోండి.

సరైన రిజల్యూషన్ జాబితాలోనే లేకపోతే

ప్రతి మానిటర్‌లో ఈడీఐడీ అనే చిన్న సమాచార పొట్లం ఉంటుంది. అందులో మొదటి భాగం కేవలం 128 బైట్లు. తయారీదారు ఎవరు, ఏ రిజల్యూషన్లు పడతాయి, ఏది అసలైనది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. లినక్స్‌కు గుండె లాంటి కెర్నల్ దాన్ని చదివి జాబితా తయారుచేస్తుంది. అది అందకపోతే సిస్టమ్ జాగ్రత్త పడి 1024×768 దగ్గర ఆగిపోతుంది. అంటే మీ లినక్స్ పాడవలేదు. మానిటర్ చెప్పిన మాట దానికి చేరలేదు.

చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం కేబులే. వీజీఏ ప్లగ్గులోని 15 పిన్నుల్లో 12వది, 15వది ఈ సమాచారం మోస్తాయి. చవక కేబుళ్లలో ఆ పిన్నులు లేకపోవచ్చు, వంగిపోయి ఉండవచ్చు. బొమ్మ రంగులతో సహా చక్కగా వస్తుంది కాబట్టి కేబుల్‌ను ఎవరూ అనుమానించరు. రెండు కంప్యూటర్లకు ఒకే మానిటర్ పెట్టే స్విచ్చులు, హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్లు కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి ముందు మధ్యలో ఉన్న పరికరాలన్నీ తీసేసి, మంచి కేబులుతో నేరుగా కలిపి, కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టి చూడండి. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ గానీ హెచ్‌డీఎమ్‌ఐ గానీ ఉంటే వీజీఏ వదిలేయండి. ఈ ఒక్క పనితో తీరిపోయే సమస్యకు రాత్రంతా కాన్ఫిగరేషన్ ఫైళ్లు రాసేవాళ్లున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సమాచారం అందుతోందో లేదో స్వయంగా చూడవచ్చు. సిస్ ఫోల్డరులో క్లాస్, అందులో డీఆర్ఎమ్ తెరిస్తే ఒక్కో పోర్టుకు ఒక్కో ఫోల్డరు కనిపిస్తుంది. మీ మానిటర్ ఉన్న పోర్టు ఫోల్డరులో ఈడీఐడీ అనే ఫైలు ఉంటుంది. ఫైల్ మేనేజరు దాని సైజు సున్నా అని చూపిస్తుంది, ఆ మాట పట్టించుకోకండి. డబ్ల్యూసీ కమాండుతో బైట్లు లెక్కపెట్టండి. 128 లేదా 256 వస్తే మానిటర్ మాట చేరుతోంది. నిజంగా సున్నా వస్తే కేబులో, అడాప్టరో, మానిటరో ఏదో ఒకటి దోషి.

బైట్లు వస్తున్నా రిజల్యూషన్ రాకపోతే డ్రైవరు వైపు చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే నోమోడ్‌సెట్ అనే మాటను బూట్ ఐచ్ఛికాల్లో కలపమని చాలామంది సలహా ఇస్తారు. ఇన్‌స్టాల్ పూర్తవుతుంది, ఆ మాట బూట్ మెనూను నడిపే గ్రబ్ ఫైల్లో అలాగే ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం అసలు గ్రాఫిక్స్ డ్రైవరు పనిలోకి దిగదు, సెట్టింగ్స్‌లో ఒకే ఒక్క రిజల్యూషన్ కనిపిస్తుంది. ప్రాక్ ఫోల్డరులోని సీఎమ్‌డీలైన్ అనే ఫైలు తెరిచి ఆ మాట ఉందేమో చూడండి. ఉంటే తీసేసి, గ్రబ్‌ను నవీకరించి, మళ్లీ మొదలుపెట్టండి. ఇంటెల్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ వాడేవారికి డ్రైవరు కెర్నల్‌తోనే వస్తుంది, విడిగా ఏమీ పెట్టనక్కర్లేదు. ఎన్విడియా వాడేవారు మాత్రం తమ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే డ్రైవరు ప్యాకేజీనే పెట్టుకోవాలి. కంపెనీ సైటు నుంచి విడిగా దించుకున్నది కెర్నల్ మారినప్పుడల్లా ఇబ్బంది పెట్టవచ్చు.

చేత్తో రాయక తప్పనప్పుడు: మూడు దారులు

పాత ప్రొజెక్టరో, మార్చలేని స్విచ్చో ఉండి ఈడీఐడీ ఎప్పటికీ అందదని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. ఎక్స్‌రాండ్‌ఆర్‌తో అప్పటికప్పుడు మార్చడం, ఎక్స్11ను నడిపే ఎక్స్ఆర్గ్ ప్రోగ్రాము కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయడం, కెర్నల్‌కే చెప్పడం.

మొదటి దారి ప్రయోగానికి మంచిది. సీవీటీ అనే చిన్న కమాండుకు వెడల్పు, ఎత్తు, రిఫ్రెష్ రేటు ఇస్తే అది మోడ్‌లైన్ అనే అంకెల వరుస ఇస్తుంది. 1920×1080, 60 అని ఇస్తే వచ్చేది ఇది: 173.00, ఆ తరువాత 1920 2048 2248 2576, ఆ తరువాత 1080 1083 1088 1120. మొదటి అంకె పిక్సెల్ గడియారం, మెగాహెర్ట్జ్‌లో. తెర మీద కనిపించేది 1920 అయినా ఒక్కో వరుసకు 2576 పిక్సెళ్ల సమయం పడుతుందని రెండో గుంపు చెబుతుంది. మిగిలిన సమయం గాజు గొట్టాల్లో కిరణం వెనక్కి రావడానికి కావలసిన విరామం. ఎల్‌సీడీకి అంత విరామం అక్కర్లేదు. అందుకే సీవీటీకి ఆర్ ఐచ్ఛికం ఇస్తే విరామం తగ్గి 2080 అవుతుంది, గడియారం 138.50కి దిగుతుంది.

ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒంటి లింకు డీవీఐ కేబులు మోయగలిగేది 165 మెగాహెర్ట్జే. 173 దానిలో పట్టదు, 138.50 పడుతుంది. మోడ్ చేర్చాం, కమాండు ఒప్పుకుంది, తెర మాత్రం నల్లగా ఉంది అని చెప్పే చాలామందికి ఆ ఒక్క ఆర్ అక్షరమే పరిష్కారం.

1366×768 తెరలకు ఇంకో మెలిక ఉంది. సీవీటీ వెడల్పును 8తో భాగించగలిగేలా సర్దుతుంది. 1366 భాగించబడదు కాబట్టి 1368 ఇస్తుంది. రెండు పిక్సెళ్లే కదా అనుకోకండి, ఆ రెంటి కోసం మానిటర్ వరుస మొత్తాన్ని కుదిస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. ఈ తెరకు సీవీటీని వదిలేసి ప్రామాణిక వరుసను నేరుగా ఇవ్వండి: 85.50, 1366 1436 1579 1792, 768 771 774 798, అడ్డం, నిలువు సింకులు రెండూ ప్లస్. కొన్ని పాత మానిటర్లు 1360×768 అని మాత్రమే చూపించడానికి కూడా ఈ 8 లెక్కే కారణం.

ఎక్స్‌రాండ్‌ఆర్‌తో కొత్త మోడ్ సృష్టించి, దాన్ని పోర్టుకు చేర్చి, ఆపై ఎంచుకోవాలి. లాగౌట్ అయితే అంతా పోతుంది. స్టార్టప్‌లో స్క్రిప్టుగా పెట్టుకోవచ్చు కానీ లాగిన్ తెర మాత్రం అప్పటికీ చిన్నదిగానే వస్తుంది. ఎన్విడియా సొంత డ్రైవరు ఇలా కొత్త మోడ్‌లు చేర్చడానికి తరచూ ఒప్పుకోదు. కమాండ్లు ఇష్టం లేనివారికి ఆరాండ్‌ఆర్ అనే బొమ్మల ప్రోగ్రాము ఉంది. ఉన్న మోడ్‌లతో రెండు మూడు తెరలను పక్కపక్కన అమర్చి, స్క్రిప్టుగా దాచిపెడుతుంది. లేని మోడ్‌ను తయారుచేయడం దాని పని కాదు.

రెండో దారి ఎక్స్11లోనే స్థిరంగా ఉండాలనుకునేవారికి. ఈటీసీ ఫోల్డరులో ఎక్స్11 కింద ఎక్స్ఆర్గ్.కాన్ఫ్.డి అనే ఫోల్డరులో చిన్న ఫైలు పెట్టి, మానిటర్ విభాగంలో మోడ్‌లైనునూ ఇష్టమైన మోడ్ పేరునూ రాస్తే చాలు. లాగిన్ తెర నుంచే అమలవుతుంది. పాత రోజుల్లోలా కీబోర్డు, మౌసుతో సహా మొత్తం ఎక్స్ఆర్గ్ ఫైలు రాయాల్సిన అవసరం ఇప్పుడు లేదు, రాయవద్దు కూడా. ఎక్కువ రాసినకొద్దీ తరువాతి అప్‌డేట్లకు అడ్డుపడేవి పెరుగుతాయి.

మూడోది నేను ఎక్కువగా మొగ్గేది. 2009 నుంచి, అంటే కెర్నల్ 2.6.29లో ఇంటెల్‌తో మొదలై, తెర మోడ్‌ను నిర్ణయించే పని కెర్నల్‌లోకి వచ్చింది. కాబట్టి బూట్ ఐచ్ఛికాల్లో వీడియో అనే పేరుతో పోర్టు, రిజల్యూషన్, రేటు రాస్తే ఆ మోడ్ జాబితాలోనే చేరిపోతుంది. ఎక్స్11 అయినా వేలాండ్ అయినా సెట్టింగ్స్‌లో మామూలుగా కనిపిస్తుంది. నల్ల టెర్మినల్ తెర కూడా సరైన సైజులో వస్తుంది. ఎత్తు పక్కన పెద్ద ఎమ్, ఆర్ అక్షరాలు చేర్చితే తగ్గించిన విరామంతో లెక్క కెర్నలే వేసుకుంటుంది. చివర చిన్న ఈ (e) అనే అక్షరం పెడితే మానిటర్ కనపడకపోయినా ఆ పోర్టును తెరిచి ఉంచుతుంది. పోర్టు పేరు మాత్రం సిస్ ఫోల్డరులో ఉన్నట్టే రాయాలి. ఎక్స్‌రాండ్‌ఆర్ చూపే పేరు కొన్నిసార్లు వేరుగా ఉంటుంది, అక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు.

గ్రబ్ ఫైల్లో జీఎఫ్ఎక్స్‌మోడ్ అనే వరుస చూసి దాన్ని మార్చేవారూ ఉన్నారు. అది బూట్ మెనూ కోసమే, డెస్క్‌టాప్‌ను మార్చదు.

ఎప్పుడు తగ్గించడమే మంచిది

4కే టీవీని పాత కంప్యూటరుకు తగిలించినప్పుడు. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు 3840×2160ను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 కావాలంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. 30లో సినిమా చూడవచ్చు కానీ మౌసు కదలిక జిగటగా ఉంటుంది, టైపు చేస్తే అక్షరం కొంచెం ఆలస్యంగా పడుతుంది. పని చేసుకోవడానికైతే 1920×1080లో 60 పెట్టుకోవడమే మేలు. ఆ కంప్యూటరుకు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దానికి తగిన కేబులు కొనడం ఇంకా మేలు. టీవీలో డెస్క్‌టాప్ అంచులు తెగిపోతే అది రిజల్యూషన్ తప్పు కాదు. టీవీ సొంత మెనూలో బొమ్మ సైజును ఉన్నదున్నట్టు చూపేలా మార్చండి.

ప్రొజెక్టరుకు ల్యాప్‌టాప్ తెరనే చూపించేటప్పుడు రెండింటికీ పడే ఉమ్మడి రిజల్యూషన్‌కు దిగాల్సిందే. తరగతి గదిలోనో సభలోనో మాట్లాడేవారు వీలైతే ప్రతిబింబం బదులు విస్తరణ ఎంచుకుని, ప్రొజెక్టరును దాని సొంత రిజల్యూషన్‌లో ఉంచండి. వెనక వరుసలో కూర్చున్నవారికి తెలుగు స్లైడ్లు చదవగలిగేలా కనిపిస్తాయి.

తెర నల్లబడితే

సెట్టింగ్స్ పేజీ నుంచి మార్చితే భయం లేదు. మీరు కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే పాతదానికే తిరిగి వస్తుంది. ఎక్స్‌రాండ్‌ఆర్‌కు ఆ రక్షణ లేదు. కాబట్టి ప్రయోగించేటప్పుడు అదే వరుసలో సెమీకోలన్ పెట్టి, స్లీప్ 15, మళ్లీ సెమీకోలన్, ఎక్స్‌రాండ్‌ఆర్, అవుట్‌పుట్ అని మీ పోర్టు పేరు, ఆటో అని జతచేయండి. తెర రాకపోయినా 15 సెకన్లలో దానంతట అదే కోలుకుంటుంది.

లాగిన్ అయిన ప్రతిసారీ నల్లబడుతుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెర్మినల్ తెరలోకి వెళ్లండి. మీ హోమ్ ఫోల్డరులోని దాగిన కాన్ఫిగ్ ఫోల్డరులో గ్నోమ్ అయితే మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్, ప్లాస్మా 6 వేలాండ్ అయితే కేవిన్‌అవుట్‌పుట్‌కాన్ఫిగ్.జేసన్ అనే ఫైలును తొలగించండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ ఫోల్డరు లోపల డిస్‌ప్లేస్.ఎక్స్‌ఎమ్‌ఎల్. మళ్లీ లాగిన్ అయితే డెస్క్‌టాప్ కొత్తగా లెక్క వేసుకుంటుంది. కెర్నల్ ఐచ్ఛికం వల్ల నల్లబడితే గ్రబ్ మెనూలో ఈ (e) అనే అక్షరం నొక్కి, వీడియో అని మీరు రాసిన భాగం చెరిపి, ఎఫ్10తో బూట్ చేయండి. ఆ మార్పు అప్పటికి మాత్రమే కాబట్టి లోపలికి వెళ్లాక గ్రబ్ ఫైలునూ సరిచేయాలి.

డెస్క్‌టాప్ బాగుండి లాగిన్ తెర మాత్రమే తప్పుగా వస్తుంటే, ప్లాస్మాలో లాగిన్ తెర పేజీలో ప్రస్తుత సెట్టింగ్స్‌ను దానికీ వర్తింపజేసే బటన్ ఉంటుంది. గ్నోమ్‌లో మీ మానిటర్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను లాగిన్ తెరను నడిపే జీడీఎమ్ సొంత కాన్ఫిగ్ ఫోల్డరులోకి కాపీ చేయాలి. లైట్‌డీఎమ్ అనే లాగిన్ ప్రోగ్రాము వాడే మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈలలో దాని కాన్ఫిగరేషన్‌లో డిస్‌ప్లే సెటప్ స్క్రిప్టు అనే వరుస దగ్గర మీ ఎక్స్‌రాండ్‌ఆర్ స్క్రిప్టు చిరునామా ఇస్తే సరిపోతుంది.